నైట్ డ్యూటీలో ఎవరిని ముందు చూడాలి, ఏ పని ఎవరికి అప్పగించాలి?

నైట్_స్టాఫ్_తిరుపతి:

అందరికీ నమస్తే. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. వచ్చే వారం నుంచి నైట్‌లో వార్డు బాధ్యత నాది. మెడికల్, సర్జికల్ కలిసిన వార్డు, 20 బెడ్లు. రాత్రికి నాతోపాటు ఒక జూనియర్ స్టాఫ్, ఒక ఏఎన్‌ఎం (సహాయ నర్సు), ఒక ఆయమ్మ, ఒక వార్డు బాయ్. డ్యూటీ డాక్టరు కింద క్యాజువాల్టీలో ఉంటారు, సర్జన్ ఫోన్‌లో దొరుకుతారు.

ఊపిరి దారి, శ్వాస, రక్తప్రసరణ అనే వరస చదువుకునేటప్పుడే బట్టీ పట్టాం. ఒక్క పేషెంటుకైతే ఆ వరస చాలు. ఆరుగురు ఒకేసారి పిలిస్తేనే నాకు అర్థం కావడం లేదు. రాత్రి 8 గంటలకు హ్యాండోవర్ అయ్యేసరికి వార్డు ఇలా ఉందనుకోండి.

3వ బెడ్: 62 ఏళ్ళ పెద్దాయన, సీవోపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు). ముక్కు గొట్టంతో 2 లీటర్ల ఆక్సిజన్. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90, శ్వాస 22, పల్స్ 92, బీపీ 130/80. పొద్దుట్నుంచీ అంతే.

7వ బెడ్: నిన్న లాపరోటమీ (పొట్ట తెరిచి చేసే ఆపరేషన్) అయింది, బరువు 60 కేజీలు. మధ్యాహ్నం 2 గంటలకు పల్స్ 84, బీపీ 126/80. ఇప్పుడు పల్స్ 118, బీపీ 100/70, శ్వాస 24, శాచురేషన్ 95, జ్వరం లేదు. మూడు గంటల్లో యూరిన్ 40 ఎంఎల్. డ్రెయిన్‌లో (పొట్టలోని రక్తం, నీరు బయటికి తెచ్చే గొట్టం) ఏమీ రాలేదు.

9వ బెడ్: షుగర్ పుండుతో చేరిన పేషెంటు. 7:30కి రెగ్యులర్ ఇన్సులిన్ చేశారు, ఇంకా అన్నం తినలేదు. చెమటలు పడుతున్నాయి, గ్లూకోమీటర్‌లో 58. మాట్లాడుతున్నారు.

12వ బెడ్: పాత రక్తహీనత, హీమోగ్లోబిన్ 7.2, ఇబ్బందేమీ లేదు. బ్లడ్ బ్యాంకు నుంచి బ్యాగు 7:40కి బయల్దేరి వచ్చి టేబుల్ మీద ఉంది.

15వ బెడ్: డిశ్చార్జి. బిల్లు ఆలస్యమైందని అటెండెంట్లు గొడవ చేస్తున్నారు.

18వ బెడ్: డెంగీ, ఐదో రోజు. జ్వరం తగ్గింది. కడుపునొప్పి, రెండు వాంతులు. పల్స్ 104, బీపీ 100/82, శ్వాస 20, శాచురేషన్ 98. ప్లేట్‌లెట్లు 42,000.

వీళ్ళలో ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఏ పని ఎవరికి ఇవ్వాలి? డాక్టరుకు ఏమని చెప్పాలి?

వార్డు_ఇన్‌ఛార్జి:

ఇద్దరు స్టాఫ్ ఉన్నారు కదా, ఒకేసారి రెండు బెడ్లకు వెళ్ళొచ్చు. మీరు 7కి, జూనియర్ 9కి.

9వ బెడ్ రెండు నిమిషాల పని, కానీ ఆలస్యం చేయకూడని పని. రెగ్యులర్ ఇన్సులిన్ బలంగా పనిచేసేది చేసిన రెండు నుంచి నాలుగు గంటల మధ్య. 7:30కి చేశారంటే అసలు దెబ్బ ఇంకా పడలేదు. ఇప్పుడే 58 ఉంటే 10 గంటలకు ఎంతుంటుందో ఆలోచించండి. పేషెంటు మాట్లాడుతూ మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు మూడు టీ స్పూన్లు, అర గ్లాసు నీళ్ళలో కలిపి జూనియర్ దగ్గరుండి తాగించాలి. 15 నిమిషాలకు మళ్ళీ గుచ్చి చూడాలి. 70 దాటకపోతే ఇంకో 15 గ్రాములు. దాటితే వెంటనే ఇడ్లీయో అన్నమో కడుపులో పడాలి. గ్లూకోజ్ నీళ్ళతోనే వదిలేస్తే గంటలో మళ్ళీ పడిపోతుంది. మగతగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు. డాక్టరుకు చెప్పి 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎంఎల్ ఐవీలో ఇవ్వాలి. ఎక్కించే ముందు క్యాన్యులా సరిగ్గా ఉందో లేదో సెలైన్‌తో చూసుకోండి, బయటికి కారితే చెయ్యి పాడవుతుంది.

7వ బెడ్‌లో మీరు చెప్పిన అంకెలు విడివిడిగా చూస్తే ఏదీ గుండె ఆగేంత భయం పుట్టించదు. కలిపి చూడండి. న్యూస్2 స్కోరు (వైటల్స్‌కు మార్కులు వేసి ప్రమాదం అంచనా వేసే పద్ధతి) వేస్తే శ్వాస 24కి 2, శాచురేషన్ 95కి 1, పైబీపీ 100కి 2, పల్స్ 118కి 2. మొత్తం 7. ఏడు వచ్చిందంటే ఎమర్జెన్సీ కింద లెక్క, డాక్టరు వెంటనే రావాలి. 60 కేజీల మనిషికి గంటకు కిలోకి అర ఎంఎల్ చొప్పున మూడు గంటల్లో కనీసం 90 రావాలి, వచ్చింది 40. డ్రెయిన్‌లో ఏమీ లేదు కాబట్టి బ్లీడింగ్ లేదనుకోవడం పెద్ద పొరపాటు. గడ్డకట్టి గొట్టం మూసుకుపోయినా డ్రెయిన్ ఖాళీగానే కనిపిస్తుంది. దుప్పటి తీసి కట్టు, పక్కలు, నడుం కింద షీటు చూడండి, రక్తం కిందికి పాకుతుంది. పొట్ట మీద చెయ్యి వేసి గట్టిగా ఉందేమో చూడండి. యూరిన్ గొట్టం మడత పడిందేమో కూడా అప్పుడే చూసుకోండి.

12వ బెడ్ రక్తం గురించి గట్టిగా నిర్ణయం తీసుకోవాలి. బ్లడ్ బ్యాంకు నుంచి బయటికొచ్చిన 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, లేదా ఆ లోపే వాపసు పంపాలి. అంటే 8:10 గడువు. మొదలుపెడితే మొదటి 15 నిమిషాలు ఒక నర్సు బెడ్ పక్కనే నిలబడాలి. ఈ పరిస్థితిలో ఆ నర్సు మీకు లేదు. పేషెంటు స్థిమితంగా ఉన్నారు, రక్తం రెండు గంటలు ఆగినా నష్టం లేదు. బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి చెప్పి, వార్డు బాయ్‌తో ఐస్ బాక్సులో 8 దాటిన వెంటనే వాపసు పంపించేయండి. వార్డు ఫ్రిజ్‌లో మందుల పక్కన పెట్టడం ఎప్పుడూ చేయొద్దు. రక్తానికి 2 నుంచి 6 డిగ్రీలు కచ్చితంగా ఉండాలి, తలుపు పదిసార్లు తీసే ఫ్రిజ్‌లో అది ఉండదు.

3వ బెడ్ అదే స్థితిలో ఉన్నారు, కాసేపు ఆగొచ్చు. సీవోపీడీలో ఇలాంటివారికి శాచురేషన్ 88–92 మధ్య ఉంటే చాలని డాక్టరు కేస్‌షీట్‌లో రాసి ఉండాలి. రాసి ఉంటే న్యూస్2 రెండో స్కేలు ప్రకారం స్కోరు 5, రాయకపోతే మొదటి స్కేలు ప్రకారం అదే మనిషికి 8. ఆ ఒక్క లైను లేదంటే రాత్రంతా తప్పుడు కంగారు, లేదా ఎవరో ఒకరు ఆక్సిజన్ 6 లీటర్లకు తిప్పేసి పోతారు, పెద్దాయన కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి జారిపోతారు.

18 మూడోది. 15 ఆఖరు, కానీ మాట మాత్రం ఇప్పుడే పంపండి: "అరగంటలో నేనే వచ్చి మాట్లాడతాను" అని ఆయమ్మతో చెప్పిస్తే గొడవ సగం తగ్గుతుంది.

మెడిసిన్_స్టాఫ్:

పైన అన్నీ బాగా చెప్పారు. ఒక్కటి మాత్రం ఒప్పుకోను. 18వ బెడ్ మూడోది కాదు, 7తో సమానం.

బీపీ 100/82 అంటే పైదానికీ కిందిదానికీ తేడా 18. డెంగీలో ఆ తేడా 20కి, అంతకన్నా కిందికి వస్తే షాక్ మొదలైనట్టే. పైబీపీ పడిపోయేదాకా ఆగితే చాలా ఆలస్యం. న్యూస్2 వేస్తే ఈ పేషెంటుకు వచ్చేది 3 మాత్రమే (పైబీపీకి 2, పల్స్‌కు 1). ఎందుకంటే ఆ స్కోరు కిందిబీపీని లెక్కలోకే తీసుకోదు. స్కోరు తక్కువ ఉందని వదిలేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

జ్వరం తగ్గింది కాబట్టి గండం గడిచిందని ఇంట్లోవాళ్ళు సంతోషపడతారు. డెంగీలో ప్లాస్మా కారిపోయే దశ సరిగ్గా అప్పుడే వస్తుంది, సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తం, మగత, చిరాకు, ఇవన్నీ హెచ్చరికలు. అందరూ ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ తిరుగుతారు గానీ ఈ గంటలో చూడాల్సింది హీమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం). ప్లేట్‌లెట్లు పడుతూ హీమటోక్రిట్ పెరుగుతుంటే రక్తం చిక్కబడుతోందని అర్థం. ఫ్లూయిడ్ మొదలుపెట్టే ముందే శాంపిల్ తీయండి, తర్వాత తీస్తే పోల్చుకోడానికి పనికిరాదు. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయా, గోరు నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలో వస్తోందా చూడండి. కడుపునొప్పి అంటున్నారని డైక్లోఫెనాక్ చేయొద్దు, అసలు కండరానికి ఏ సూదీ వేయొద్దు.

కాబట్టి జూనియర్ 9లో గ్లూకోజ్ తాగించి నేరుగా 18కి వెళ్ళాలి. 9లో 8:15కి మళ్ళీ షుగర్ చూసే పని ఏఎన్‌ఎంకు. ఒక్క ఫోన్‌లోనే డాక్టరుకు ఇద్దరి సంగతీ చెప్పండి.

నర్సింగ్_ట్యూటర్_517:

ప్రశ్నలో రెండో భాగం, పని అప్పగించడం, దాని గురించి రాస్తాను.

అప్పగించే ముందు ఐదు చూసుకోవాలి: ఆ పని ఇవ్వదగిందేనా, పేషెంటు పరిస్థితి అందుకు ఒప్పుతుందా, ఆ మనిషికి ఆ పని వచ్చా, మనం చెప్పింది స్పష్టంగా ఉందా, చేశాక మనం చూసుకుంటున్నామా. వీటిలో వార్డులో ఎక్కువగా తప్పేది రెండోదీ నాలుగోదీ.

రెండోది ఎలా తప్పుతుందంటే, "బీపీ చూడటం ఏఎన్‌ఎం పని" అని పనిని బట్టి పంచేస్తాం. స్థిమితంగా ఉన్న పేషెంటుకు అది నిజం. 7వ బెడ్‌కు కాదు. అక్కడ అంకె ఒక్కటే కాదు కావలసింది, ఆ అంకెకు అర్థం ఏమిటి, తర్వాత ఏం చేయాలి అన్నదీ కావాలి. ఆపరేషన్ నుంచి వచ్చాక మొదటిసారి చూసే వైటల్స్, ఆపరేషన్ తర్వాత మొదటిసారి లేపి నడిపించడం, రక్తం ఎక్కేటప్పుడు మొదటి 15 నిమిషాలు, ఐవీ పుష్ మందులు, పక్షవాతం పేషెంటుకు మింగగలరో లేదో చూడకముందు నోటితో తినిపించడం, డిశ్చార్జి సలహాలు, ఇవి నర్సు చేతిలోనే ఉండాలి. పరీక్షించి అంచనా వేయడం, ప్లాన్ చేయడం, ఫలితం చూసి తేల్చడం ఎవరికీ ఇవ్వకూడదు.

నాలుగోది ఇలా తప్పుతుంది: "అమ్మా, ఆ వరస వైటల్స్ చూసి రా" అంటాం. ఆమె చూస్తుంది, చార్టులో రాస్తుంది, పల్స్ 126 ఉన్నా మనకు తెలిసేది గంట తర్వాత. ఇలా చెప్పాలి: "1, 2, 4, 5, 6 బెడ్లకు 8:30 లోపు పల్స్, బీపీ, శ్వాస, శాచురేషన్, టెంపరేచర్. శ్వాస నిమిషమంతా లెక్కపెట్టు. పల్స్ 110 దాటినా, పైబీపీ 100 కన్నా తగ్గినా, శ్వాస 24 దాటినా, శాచురేషన్ 94 కన్నా తగ్గినా రాసుకుంటూ కూర్చోవద్దు, నేను ఏ బెడ్ దగ్గరున్నా వచ్చి చెప్పు. అన్నీ బాగుంటే 8:30కి స్టేషన్ దగ్గర కలుద్దాం." ఏ బెడ్లు, ఎప్పటిలోగా, ఏ అంకెకు పిలవాలి, ఎప్పుడు కలవాలి. చివర "ఏ అంకెలకు పిలుస్తావు?" అని ఆమె నోటితోనే మళ్ళీ చెప్పించుకోండి. పది సెకన్లు పడుతుంది. శ్వాస గురించి ప్రత్యేకంగా ఎందుకు అన్నానంటే, చార్టుల్లో ఎక్కువగా లెక్కపెట్టకుండా రాసేది అదే. ఇరవై మందికీ 20 అని రాసి ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం.

ఆయమ్మకు, వార్డు బాయ్‌కు (ప్రభుత్వాసుపత్రుల్లో ఎఫ్‌ఎన్‌వో, ఎంఎన్‌వో) ఇవ్వదగినవి చాలానే ఉన్నాయి: పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్, శాంపిళ్ళు ల్యాబుకు చేర్చడం, స్థిమితంగా ఉన్నవారిని ఎక్స్‌రేకు తీసుకెళ్ళడం. యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం కూడా, కానీ కొలజాడీలో పోసి అంకె చెప్పాకే పారబోయాలని ముందే చెప్పాలి. పారబోసి "కొంచెమే ఉందమ్మా" అంటే 7వ బెడ్‌లో మీ ఆధారం పోయినట్టే. ల్యాబు నుంచి ఫోన్ వస్తే మాత్రం వాళ్ళు విలువలు రాసుకోకూడదు. పొటాషియం 6.8 అన్నది 5.8గా మారడానికి ఒక్క క్షణం చాలు. నర్సే తీసుకుని పేషెంటు పేరు, ఐపీ నంబరు, విలువ తిరిగి చదివి వినిపించాలి.

మన దగ్గర అటెండెంట్ల సంగతి వేరే. పాఠ్యపుస్తకాలు వాళ్ళను లెక్కలోకే తీసుకోవు గానీ రాత్రిపూట సగం సేవ వాళ్ళే చేస్తారు. నోరు శుభ్రం చేయడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, తాగిన నీళ్ళు కాగితం మీద రాయడం, ఇవి నేర్పి ఇవ్వొచ్చు. ఆక్సిజన్ నాబ్, డ్రిప్ రోలర్, సిరంజి పంపు అలారం, సక్షన్, వీటి మీద చెయ్యి వేయొద్దని మొదటి రోజే చెప్పాలి. రైల్స్ ట్యూబులో (ముక్కు ద్వారా కడుపులోకి వేసే గొట్టం) పాలు పోయించడం చాలా వార్డుల్లో అటెండెంట్లకే వదిలేస్తున్నారు, నాకది సమ్మతం కాదు. ప్రతి ఫీడుకు ముందు ముక్కు దగ్గర గుర్తు జరిగిందేమో నర్సు చూడాలి, తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి, పోసిన తర్వాత కనీసం అరగంట అలాగే ఉంచాలి. దగ్గినా, ఆయాసపడినా ఆపేయాలి. ఈ జాగ్రత్తలు తప్పితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంకో మాట. విదేశీ పరీక్షలకు చదివేవాళ్ళు ఆ పుస్తకాల్లో ఉండే ఎల్‌పీఎన్‌ను (అమెరికాలో రిజిస్టర్డ్ నర్సు కింద పనిచేసే లైసెన్సు నర్సు) మన ఏఎన్‌ఎంతో పోల్చేస్తుంటారు. రెండూ ఒకటి కాదు. ఏఎన్‌ఎం చదువు ప్రధానంగా ఊళ్ళో తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం. టీకాలు, కాన్పు, గర్భిణుల పరీక్ష ఆమెకు మీకన్నా బాగా వచ్చి ఉండొచ్చు. సర్జికల్ డ్రెయిన్ చూసి ఉండకపోవచ్చు. చదువు పేరు చూసి పని ఇవ్వకండి. "ఇది చేశావా, చేసి చూపిస్తావా?" అని ఒకసారి కళ్ళారా చూసి ఇవ్వండి.

నైట్_స్టాఫ్_తిరుపతి:

చాలా థాంక్స్ అక్కా, మేడం. 18వ బెడ్‌లో ఆ తేడా సంగతి నిజంగా తట్టలేదు. ఇంకో రెండు అడుగుతాను. ఏఎన్‌ఎం నాకన్నా వయసులో, సర్వీసులో చాలా పెద్ద. ఆమెతో మళ్ళీ చెప్పించుకుంటే చిన్నబుచ్చుకుంటారేమో. రెండోది, రాత్రి ఫోన్ చేస్తే "పల్స్ కాస్త పెరిగితే ఏమైంది, నొప్పికి ఇంజక్షన్ చేయి, పొద్దున చూస్తా" అని పెట్టేస్తే?

సర్జరీ_పీజీ:

రెండోదానికి ఫోన్ అవతలి వైపు నుంచి చెప్తాను. "సార్, 7వ బెడ్ పేషెంట్‌కు బీపీ తక్కువగా ఉంది" అంటే నిద్రలో ఉన్నవాడికి ఏమీ తెలియదు. ఎంత తక్కువ, ఎప్పట్నుంచి, ఏ ఆపరేషన్, ఇవన్నీ అడగాలి, అడిగే ఓపిక ఆ వేళకు ఉండదు. ఎస్‌బీఏఆర్ పద్ధతి ఎందుకంటే డాక్టరు అడగకముందే అన్నీ వచ్చేస్తాయి: ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనక ఏం జరిగింది, మీకేమనిపిస్తోంది, ఏం కావాలి. ఫోన్ ఎత్తే ముందు కేస్‌షీటు, చార్టు, మందుల షీటు చేతిలో ఉండాలి, వైటల్స్ ఐదు నిమిషాల లోపువి అయి ఉండాలి.

ఇలా చెప్పండి: "సార్, సర్జికల్ వార్డు నైట్ స్టాఫ్‌ని. 7వ బెడ్ గురించి, ఎమర్జెన్సీ. ఇప్పుడు పల్స్ 118, బీపీ 100/70, శ్వాస 24, శాచురేషన్ 95, స్కోరు 7. నిన్న లాపరోటమీ అయింది. మధ్యాహ్నం రెండింటికి పల్స్ 84, బీపీ 126/80. మూడు గంటల్లో యూరిన్ 40 ఎంఎల్, 60 కేజీలు. డ్రెయిన్ ఖాళీ, పొట్ట బిగుసుకుని ఉంది. లోపల బ్లీడింగ్ అవుతోందని నా అనుమానం. మీరు 10 నిమిషాల్లో వచ్చి చూడాలి. ఈ లోపు రెండో లైను పెట్టి, సీబీసీ, క్రాస్‌మ్యాచ్ శాంపిల్ తీయమంటారా? ఫ్లూయిడ్ ఎంత, ఎంతసేపట్లో?" ముప్పై సెకన్లు. అనుమానం చెప్పడానికి నర్సులు మొహమాటపడతారు. రోగం పేరు తేల్చమని ఎవరూ అడగడం లేదు, కళ్ళతో చూసినవాళ్ళ అనుమానం ఫోన్‌లో ఉన్నవాడికి చాలా విలువైనది.

నోటి ఆర్డరు వస్తే రాసుకుంటూ తిరిగి చదవండి: "రింగర్ లాక్టేట్ 500 ఎంఎల్, 15 నిమిషాల్లో. అవునా సార్?" 15, 50 వినడానికి ఒకేలా ఉంటాయి, "ఒకటి ఐదు" అని అంకెలు విడదీసి చదవండి. టైము, డాక్టరు పేరు రాసి పెట్టి, ఆయన వచ్చాక సంతకం తీసుకోండి.

"పొద్దున చూస్తా" అంటే గొంతు పెంచాల్సిన పనిలేదు. "సార్, నొప్పితో పల్స్ పెరిగితే బీపీ పడదు, యూరిన్ తగ్గదు. ఈ పేషెంట్‌ను పొద్దుటిదాకా ఇలా ఉంచడం సేఫ్ కాదని నాకనిపిస్తోంది. మీరు రాలేకపోతే ఎవరికి చెప్పమంటారు?" అనండి. ఆ చివరి ప్రశ్నతో చాలామంది లేచి వస్తారు. రాకపోతే 10 నిమిషాలు చూసి కింద డ్యూటీ డాక్టరుకు, తర్వాత కన్సల్టెంటుకు, నైట్ సూపర్‌వైజరుకు. ఆ వరస, ఫోన్ నంబర్లు స్టేషన్‌లో గోడ మీద ఉండాలి. నోట్స్‌లో "డాక్టరుకు చెప్పాను" అని రాస్తే సరిపోదు. "8:06 ఫోన్, ఈ విలువలు చెప్పాను, ఈ జవాబు వచ్చింది, 8:16 మళ్ళీ ఫోన్" అని రాయండి.

చిత్తూరు_క్యాజువాల్టీ:

మా వైపు పనులు పంచుకోవడంలో ఎక్కువ తేడా వచ్చేది పాముకాటు కేసుల్లో. వేరుశనగ చేలల్లోంచి వస్తా ఉంటారు, చుట్టూ పదిమంది బంధువులు. అందరూ తలా ఒక పని మీద పడతారు, ముఖ్యమైంది జారిపోతుంది.

20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చూడండి. చిన్న పనే గానీ ఎవరికి పడితే వాళ్ళకు ఇచ్చేది కాదు. 2 ఎంఎల్ తాజా సిరల రక్తం, శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో. ప్లాస్టిక్ పనికిరాదు. సబ్బుతో కడిగిన ట్యూబులో బాగున్న రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, అప్పుడు అక్కర్లేని యాంటీ వెనమ్ ఎక్కిస్తాం. కదపకుండా 20 నిమిషాలు ఉంచి ఒక్కసారే వంచి చూడాలి. మధ్యలో ఆయమ్మ ఎత్తి చూసి పెట్టిందంటే మళ్ళీ మొదటికే. ట్యూబు మీద పేరు, తీసిన టైము రాసి, "20 నిమిషాలకు నన్ను పిలువు, నువ్వు ముట్టుకోవద్దు" అని చెప్పండి.

యాంటీ వెనమ్ 10 వయల్స్ అని డాక్టరు రాస్తే, పొడిని 10 ఎంఎల్ స్టెరైల్ నీళ్ళతో కరిగించే పని వచ్చినవాళ్ళకు పంచొచ్చు. గట్టిగా ఊపితే నురగొస్తుంది, మెల్లగా తిప్పమనండి. ఎక్కించడం మొదలైనప్పుడు మాత్రం నర్సు పక్కనే ఉండాల. 1:1000 అడ్రినలిన్ 0.5 ఎంఎల్ సిరంజిలో ఎక్కించి, లేబుల్ వేసి ట్రేలో సిద్ధంగా ఉండాల. దద్దుర్లు, దగ్గు, వాంతి, బీపీ పడటం, ఏది కనిపించినా డ్రిప్ ఆపి డాక్టరును కేకేయండి. ఆర్డరు రాగానే తొడ బయటి వైపు కండరంలో ఇవ్వాల. కట్లపాము అనుమానముంటే రెప్పలు వాలడం, మెడ నిలవకపోవడం, ఒక్క ఊపిరిలో లెక్కపెట్టే అంకె తగ్గడం, ఇవి బంధువులకు కూడా నేర్పండి, "ఇదివరకు ఇరవై దాకా లెక్కపెట్టాడు, ఇప్పుడు పన్నెండే" అని వాళ్ళే పరిగెత్తుకొస్తారు.

తిరుపతికో వేలూరుకో పంపేటప్పుడు ఎన్ని వయల్స్, ఏ టైముకు మొదలు, ఏ టైముకు అయింది, రియాక్షన్ వచ్చిందా, చివరి పరీక్ష ఏ టైముకు, ఇవి రెఫరల్ లెటర్‌లో లేకపోతే అక్కడ మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతారు. లెటర్ ఒక్కటే చాలదు, అక్కడి క్యాజువాల్టీకి నర్సే ఫోన్ చేసి చెప్పాల. ఆక్సిజన్ లెక్క కూడా నర్సుదే, డ్రైవరుది కాదు. బీ టైపు సిలిండరు నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పోతే 150 నిమిషాలు, సగమే ఉంటే 75. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో గంటన్నర దాటొచ్చు. సగం సిలిండరుతో ఎక్కించకండి.

క్లినికల్_ఫార్మసిస్ట్:

9వ బెడ్ చూసి ఒకటి చెప్పాలనిపించింది. షుగర్ సరిచేశాక ఇన్సులిన్ ఏ సిరంజితో చేశారో కనుక్కోండి. మన వార్డుల్లో ఎక్కువగా ఉండేది ఎంఎల్‌కు 40 యూనిట్ల వయల్, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్ను కార్ట్రిడ్జిలో ఎంఎల్‌కు 100. ఆ కార్ట్రిడ్జిలోంచి 40 సిరంజితో 10 గీత దాకా లాగితే లోపలికి పోయేది 25 యూనిట్లు. తారుమారైతే 10కి బదులు 4. నర్సింగ్ విద్యార్థులు చేసే ఇన్సులిన్‌కు వయల్, సిరంజి రెండూ పక్కన పెట్టి స్టాఫ్ చూశాకే సూది వేయనివ్వాలి.

పొటాషియం క్లోరైడ్ ఆంపూల్ (10 ఎంఎల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు) ఎవరి చేతా తెప్పించి ట్రేలో పెట్టించకండి. అది కలపకుండా నేరుగా సిరలోకి పోతే గుండె ఆగుతుంది. సెలైన్ ఆంపూల్‌తో పోలిక ఉంటుంది కాబట్టి విడిగా, తాళం వేసిన చోట ఉండాలి.

ఎమర్జెన్సీ_తిరుపతి:

తిరుపతిలో ఇంకో చిక్కుంది, పైన ఎవరూ రాయలేదు. యాత్రికులు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి ఛాతీ నొప్పితో వచ్చే మనిషి మరాఠీయో ఒడియానో మాట్లాడితే, కొత్తగా తికమకపడుతున్నాడో మన భాష రాక తికమకపడుతున్నాడో తెలియదు. న్యూస్2లో కొత్త తికమక ఒక్కదానికే 3 మార్కులు. "మాటలు అర్థం కావడం లేదు" అని రాసేసి ఊరుకుంటే ఆ మూడూ పోతాయి. వెంట వచ్చినవాళ్ళను "మామూలుగా ఇలాగే మాట్లాడతారా?" అని అడగండి. ఎవరూ లేకపోతే ఆ భాష వచ్చిన ఇంకో అటెండెంట్‌నో, ఫోన్‌లో ఇంట్లోవాళ్ళనో పట్టుకోండి. అలర్జీలు, బ్లడ్ థిన్నర్లు, చివర ఎప్పుడు తిన్నారు, ఈ మూడూ దుబాసీ ద్వారా రెండుసార్లు అడగాలి. ఆపరేషన్ సమ్మతి మాత్రం అలా తీసుకోవద్దు, డాక్టరు ఎదురుగా ఉండి తీసుకోవాలి.

వార్డు_ఇన్‌ఛార్జి:

ఏఎన్‌ఎం పెద్దావిడ అన్నారు కదా. ఆమెను "అక్కా" అని పిలుస్తూనే పని స్పష్టంగా చెప్పొచ్చు, రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. మళ్ళీ చెప్పించుకోవడం పరీక్ష పెట్టినట్టు ఉండకూడదంటే తప్పు మీ వైపు వేసుకోండి: "అక్కా, నేను గబగబా చెప్పేశాను, ఏ బెడ్లు చెప్పానో ఒకసారి చెప్పండి, ఏదన్నా వదిలేశానేమో." డాక్టరు ఆర్డరును మీరు కూడా ఆమె ముందే తిరిగి చదివితే, అది అందరికీ ఉండే అలవాటేనని ఆమెకే తెలుస్తుంది.

హ్యాండోవర్ తర్వాత ఐదు నిమిషాలు నలుగురినీ స్టేషన్ దగ్గర నిలబెట్టండి. తెల్ల బోర్డు మీద ఎవరికి ఏ బెడ్లు, ఏ అంకెకు పిలవాలి, ఎవరు ఎప్పుడు భోజనానికి వెళ్తారు అని రాయండి. "మీకు రాత్రంతా ఏ బెడ్ మీద అనుమానంగా ఉంటుంది అక్కా?" అని ఆమెనూ అడగండి. ఏళ్ళ తరబడి వార్డు చూసినవాళ్ళు చార్టులో లేనిది ఏదో ఒకటి చెప్తారు. చెప్పిన బెడ్ పేరు బోర్డు మీద రాసి, రెండింటికీ నాలుగింటికీ మధ్య ఆ బెడ్‌కు మీరే ఒకసారి వెళ్ళి రండి. ఆమె భోజనానికి వెళ్ళేటప్పుడు ఆమె బెడ్లు జూనియర్‌కు అంకెలతో సహా అప్పజెప్పి వెళ్ళమనండి. రాత్రి 12, 1 మధ్య పేషెంటు జారిపోయేది ఎక్కువగా అక్కడే, ఇద్దరిలో ఎవరు చూస్తున్నారో తెలియని ఆ అరగంటలో.